మూత విప్పుటకు అనుమతి

పురుషోత్తమరావు గారి కుడిచేతి వేళ్లు రెండు కాలడం వల్ల మా సంస్థలో ఉన్న బస్సులన్నిటి రేడియేటర్లకూ సీళ్లు పడ్డాయి. ఈ రెండింటికీ ఉన్న సంబంధం బయటివాళ్లకు చప్పున తోచదు. నేను నల్లగుట్ట డిపోలో హెడ్ గుమాస్తాను. కాగితాలన్నీ నా టేబుల్ మీదుగానే నడిచాయి కాబట్టి వరసగా చెబుతాను.

పురుషోత్తమరావు గారు మా ప్రజా ప్రయాణ సంస్థకు ప్రధాన భద్రతాధికారి. ఏప్రిల్ నెలలో మా డిపోకు తనిఖీకి వచ్చారు. అప్పుడే కొండ మీది ఘాటు రోడ్డు దిగి వచ్చిన బస్సొకటి గ్యారేజీలో నిలబడి ఉంది. రేడియేటర్లో నీళ్లెంత ఉన్నాయో చూద్దామన్నారు. మా మెకానిక్ హుసేనప్ప చేతిలో పానా పట్టుకునే అడ్డం వచ్చాడు.

"వద్దు సార్. ఇంజను ఇంకా కుతకుతా ఉడుకుతాండాది. ముక్కాలుగంట తాళండి, నేనే తీసి చూపిస్తా."

"ముప్పై ఏళ్ల సర్వీసయ్యా నాది" అంటూ ఆయన జేబురుమాలు తీసి, మూత మీద వేసి, తిప్పారు.

మూత ఎగిరి పైకప్పు రేకుకు తగిలింది. దాని వెనకే తుప్పురంగు నీళ్లు నిలువెత్తున లేచాయి. హుసేనప్ప ఆయన నడుం పట్టుకుని పక్కకు లాగకపోతే ముఖం కాలేది. రెండు వేళ్లతో పోయింది. హుసేనప్ప ఆ వేళ్లను పావుగంట సేపు కుళాయి కింద పట్టించాడు.

విచారణ జరిగింది. విచారణాధికారి కూడా పురుషోత్తమరావు గారే. "సదరు మూత ఎట్టి ముందస్తు హెచ్చరికయు లేకుండా తెరుచుకొనినది" అని తేల్చారు. హుసేనప్ప హెచ్చరించిన సంగతి రికార్డుకు ఎక్కలేదు. అది మూత చేసిన హెచ్చరిక కాదు గదా.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా యావత్తు డిపోలకు తెలియజేయడమేమనగా, రేడియేటర్ మూత విప్పుట అనునది ప్రమాదకర కార్యకలాపముగా ప్రకటింపబడినది. మూతలన్నింటికి సీసపు సీలు వేయవలెను. త్రిసభ్య సంఘము అనుమతి లేనిదే ఏ ఒక్కరును, ఏ కారణము చేతనైనను విప్పరాదు." మా డిపో సంఘానికి మేనేజరు చక్రపాణి గారు అధ్యక్షులు, నేను కార్యదర్శిని. చేతులు కాలే ప్రమాదం ఉంది కాబట్టి మూడో సభ్యురాలిగా ఊరి ఆరోగ్య కేంద్రం నర్సమ్మను వేశారు. ఆమెకు గురువారాలు మాత్రమే వీలవుతుంది.

అప్పటిదాకా హుసేనప్ప పని ఎట్లా ఉండేదో చెప్పాలి. మావి పాత బస్సులు. నీళ్లు బయటికి కనిపించే ప్లాస్టిక్ సీసాలు వీటికి లేవు. పొద్దున్నే ఇంజన్లు చల్లగా ఉన్నప్పుడు నలభై రెండు బస్సుల మూతలూ వరసగా తీసేవాడు. నీళ్ల మీద నూనె తెట్టు కట్టిందేమో చూసేవాడు. వేలు ముంచి తుప్పు రంగు చూసేవాడు. రబ్బరు పైపులు పిసికి మెత్తబడ్డాయో గట్టిపడ్డాయో పసిగట్టేవాడు. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కేవాడు. రేడియేటర్ జాలీలో ఇరుక్కున్న గడ్డీ పురుగులూ గాలిపైపు పెట్టి ఊదేవాడు. గంటన్నర పని. ఘాటు మీద బస్సు ఉడకడం మా డిపోలో ఏడాదికి ఒకటో రెండో.

ఉత్తర్వు వచ్చిన మూడో రోజున అతను అనుమతి కోసం మొదటి ఫారం పట్టుకొచ్చాడు. ఏడో గడిలో 'మూత విప్పవలసిన కారణము' అని ఉంటుంది. 'నీళ్లు తగ్గినాయేమో చూడ్డానికి' అని రాశాడు. చక్రపాణి గారు 'ఏమో' కింద ఎర్రగీత గీశారు.

"ఏమో అని రాస్తే ఎట్లయ్యా? అనుమానం మీద ప్రభుత్వ సీలు తెంపమంటావా? తగ్గినాయని రుజువు జతపరచు."

"మూత తియ్యకుండా తగ్గినాయని ఎట్ల తెలుస్తాది సార్?"

"అది సాంకేతిక విషయం. నీ పరిధి."

"తీస్తేనే గదా సార్ తెలిసేది."

"తీయాలంటే అనుమతి కావాలి. అనుమతికి రుజువు కావాలి. ఇందులో నీకు అర్థం కానిదేముంది?"

హుసేనప్ప నా వైపు చూశాడు. నేను ఫారం వైపు చూశాను. దాన్ని తయారు చేసింది నేనే.

చక్రపాణి గారు చెడ్డమనిషి కాదు. పైవాళ్లు తనను బాధపెట్టకుండా ఉండేందుకు కిందివాళ్లను బాధపెడతారు, అంతే. ఇంటికి పిలిస్తే మంచి కాఫీ ఇస్తారు.

మే నెలలో బస్సులు ఉడకడం మొదలైంది. ఉడికిన బస్సుకు రుజువు దొరికినట్టే కాబట్టి దాని ఫారం తీసుకునేవాళ్లం. గురువారం దాకా అది గ్యారేజీలో నిలబడేది. మొదటి గురువారానికి పదకొండు బస్సులు చేరాయి. నాలుగో నిబంధన ప్రకారం మూత విప్పేముందు ఇంజను చల్లారినట్టు వైద్య సభ్యురాలు ధ్రువీకరించాలి.

"నేను మనుషులకు చూస్తాను సార్" అంది నర్సమ్మ, థర్మామీటరు దులుపుతూ. "దీనికి ఎక్కడ పెట్టమంటారు?"

చక్రపాణి గారు ఉత్తర్వు రెండుసార్లు చదివారు. ఎక్కడ పెట్టాలో అందులో లేదు. చివరికి పై పైపు వంపులో, మనిషికి చంకలో పెట్టినట్టు, రెండు నిమిషాలు పెట్టించారు. తొంభై ఏడు వచ్చింది. 'వాహనమునకు జ్వరము లేదు' అని నేను రాసుకున్నాను. ముగ్గురం సంతకాలు చేశాం. సీలు తెంపి, మూత తీసి, నీళ్లు పోసి, మళ్లీ సీలు వేసేసరికి గంట పట్టింది. ఆ రోజు మూడు బస్సులయ్యాయి. పై గురువారానికి వరసలో పద్నాలుగు నిలబడ్డాయి.

ప్రధాన కార్యాలయంలో మాత్రం ఆనందానికి అంతులేదు. రెండు నెలల్లో మూత వల్ల ఒక్క వేలు కూడా కాలలేదు. దారిలో ఆగిపోయిన బస్సుల లెక్క వేరే పట్టికలో 'ఇతర కారణములు' అనే గడిలోకి పోతుంది, దాన్ని చూసే విభాగం వేరు. జూన్ మొదటి వారంలో మూత భద్రతా వారోత్సవాలు జరిపారు. పురుషోత్తమరావు గారు వచ్చి, డ్రైవర్లనూ మెకానిక్కులనూ ఎండలో నిలబెట్టి, చేతులు చాపించి ప్రమాణం చేయించారు.

"నేను మూత విప్పను. విప్పనివ్వను. విప్పువారిని ఉపేక్షించను."

రెండో వరసలో ఉన్న ఓబులేసు చేయి దించకుండానే అడిగాడు. పందొమ్మిదేళ్లుగా ఘాటు రోడ్డు మీద బస్సు తోలుతున్న మనిషి.

"విప్పనివ్వను అంటే నీళ్లు యాడనుంచి పొయ్యాల సార్?"

"ప్రమాణ సమయంలో ప్రశ్నలు వేయరాదు" అన్నారు పురుషోత్తమరావు గారు. తర్వాత మా డిపోకు 'ఉత్తమ మూత డిపో' అని ఒక షీల్డు ఇచ్చారు. చక్రపాణి గారు దాన్ని పట్టుకుని ఫొటో దిగారు. నేను ఆయన పక్కనే ఉన్నాను, నవ్వుతూ.

ఆ మరుసటి మంగళవారం పొద్దున ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా నా ఫోన్ మోగింది. ఓబులేసు. జిల్లా కేంద్రానికి వెళ్లే మొదటి బస్సు అతనిది. ఘాటు నాలుగో మలుపులో ఆగిపోయిందన్నాడు.

"వేడి ముల్లు ఎర్రలోకి పోతానే పక్కకు తీసి ఆపేసినా సారూ. చక్రానికి రాయి పెట్టినా. పై పైపు చీలింది, ఆవిరి కొడతాండాది. ముప్పై ఒక్కమంది ఉండారు బండిలో. టీచరు పరీక్ష రాసేటోళ్లు తొమ్మిదిమంది. తొమ్మిదీ ముప్పావుకు గేటు ఏసేస్తారంట."

హుసేనప్ప అప్పటికే ఫారాలు పట్టుకుని నా టేబుల్ దగ్గర ఉన్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టాను. చక్రపాణి గారు వంగి అడిగిన మొదటి మాట, "సీలు పదిలంగా ఉందా?"

"ఉండాది సార్. సీలొక్కటే పదిలంగా ఉండాది."

చక్రపాణి గారు తన గదిలోకి పోయి ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేశారు. తలుపు తీసే ఉంది కాబట్టి పురుషోత్తమరావు గారి గొంతు మాకూ వినిపించింది. "బయటకు వచ్చిన ఆవిరి, లోపల నీరు తగ్గినదనుటకు రుజువు కాజాలదు. అది అదనపు నీరు అయి ఉండవచ్చును. సంఘమును స్థలమునకు పంపి నిర్ధారించండి." సంఘంలో నర్సమ్మ ఆ రోజు పక్క ఊళ్లో పిల్లలకు టీకాలు వేస్తోంది. చక్రపాణి గారు ఆ సంగతి విన్నవిస్తున్నారు. అటువైపు ప్రత్యామ్నాయ సభ్యుడి నియామకానికి ఎవరి ఆమోదం కావాలో చూస్తున్నారు.

ఇంతలో నా ఫోన్లో ఒక ఆడమనిషి గొంతు వచ్చింది.

"సారూ, నా పేరు మల్లీశ్వరి. పన్నెండేండ్లుగా ప్రైవేటు బడిలో చెప్తాండా. వచ్చే నెలకు నాకు వయసు దాటిపోతాది. ఇంకో పరీక్ష రాయనియ్యరు. మీరు చెప్పేదేందో బిన్నా చెప్పండి, టైము పోతాండాది."

నా నోటికి మొదట వచ్చిన మాట 'ఏడో గడి'. దాన్ని మింగేశాను. లేచి వెళ్లి చక్రపాణి గారి గది తలుపు మెల్లగా దగ్గరికి వేశాను. ఫోన్ హుసేనప్ప చేతిలో పెట్టాను. ఇరవై నాలుగేళ్ల ఉద్యోగంలో నిబంధనలకు వ్యతిరేకంగా నేను చేసిన పని అదొక్కటే.

"ఓబులేసూ, ఇంజను ఆపి ఎంతసేపాయ?" అన్నాడు హుసేనప్ప.

"పది నిమిషాలైంటాది."

"బానెట్టు ఎత్తిపెట్టు. ఇంగో అర్ధగంట మూత జోలికి పోవాకు. బండిలో పాత ట్యూబు ముక్క ఉంటే పైపు చీలిన కాడ బిర్రుగా చుట్టి కట్టు. గుడ్డ అడ్డం పెట్టుకో, సెగ తగుల్తాది. ఈలోగా నీళ్లు పోగు చెయ్యి."

"కడతా. మరి సీలో? తెంపితే నన్ను ఉంచుతారా?"

ఫోన్లో మల్లీశ్వరి గొంతే వినబడింది.

"ఆ ప్రమాణమేందో నేను చెయ్యలేదు గదన్నా. ఆ కటింగ్ ప్లేయరు ఇట్లియ్యి. నేను తెంపుతా."

గాలి హోరు, దూరంగా ఏదో లారీ హారను.

"నువ్వొద్దమ్మా" అన్నాడు ఓబులేసు. "పరీక్ష రాసే చెయ్యి. కాల్చుకుంటావు."

ఎనిమిదిన్నర దాటాక అతనే సీలు తెంపాడు. గోనెసంచి తడిపి మూత మీద కప్పి, ముఖం పక్కకు తిప్పుకుని, పావు వంతు తిప్పి వదిలేశాడు. లోపలి గాలి బుస్సుమని పోయేదాకా దూరంగా నిలబడ్డాడు. ఆ తర్వాత పూర్తిగా తీశాడు. నీళ్లు కంటికి కనబడలేదట. ఇంజను స్టార్టు చేసి, వేడి మీద చన్నీళ్లు ఒక్కసారిగా పడకుండా సన్నగా పోశాడు. ముప్పై ఒక్కమంది తమ తమ సీసాలు ఇచ్చారు. ఒక పెద్దాయన మజ్జిగ సీసా కూడా ఇయ్యబోతే ఓబులేసు దండం పెట్టి వద్దన్నాడట.

బస్టాండుకు పోకుండా బస్సును నేరుగా పరీక్ష కేంద్రం ముందుకే తోలాడు. గేటు మూయడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. తొమ్మిదిమందీ దిగి పరుగెత్తారు. నాకు ఫోన్ చేసి, "పోయినారు సారూ" అన్నాడు. నేను హుసేనప్పకు చెప్పాను. అతను తల ఊపి, బయటికి పోయి బీడీ ముట్టించుకున్నాడు.

చక్రపాణి గారు అప్పుడే గదిలోంచి వచ్చారు. ప్రత్యామ్నాయ సభ్యుడి ప్రతిపాదన సూత్రప్రాయంగా అంగీకరించారట.

ఓబులేసును సస్పెండు చేశారు. ఆరోపణలు ఐదు. సీలు తెంపుట, మూత విప్పుట, ప్రమాణ భంగము, నిర్ణీత మార్గము తప్పుట. ఐదోది, "వివిధ ప్రయాణికుల సీసాలయందలి, మూలము తెలియని నీటిని సంస్థ ఆస్తియందు నింపుట". హుసేనప్పకు మెమో వచ్చింది. తలుపు దగ్గరికి వేసినవాడి గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

విచారణకు పురుషోత్తమరావు గారు జీపులో వచ్చారు.

"విప్పిన సందర్భమున నీకు గాయమైనదా?"

"లే సార్."

"ఇతరులకు?"

"ఎవురికీ కాలే సార్. చల్లారినాక తీసినా."

"చల్లారిన తర్వాత తీయవలెనని ఎవరు చెప్పారు?"

"అందరికీ తెలిసిందే గద సార్" అని ఓబులేసు అనేశాడు. పురుషోత్తమరావు గారు కళ్లజోడు సర్దుకున్నారు. ఆ మాట రాయవద్దని నాకు సైగ చేశారు.

అసలు చిక్కు తర్వాత బయటపడింది. 'అనుమతిలేని విప్పుళ్లు: సున్నా' అని అర్ధసంవత్సర నివేదిక జూన్ నెల ముగియక ముందే చైర్మన్ గారికి చేరిపోయింది. దాన్ని మార్చే వీల్లేదు. పురుషోత్తమరావు గారు చాలాసేపు ఆలోచించి, నా చేత రాయించారు. నివేదిక ప్రకారం మూత విప్పబడలేదు. విప్పనిచో నీరు పోయుట అసాధ్యము. నీరు లేనిచో బస్సు కదులుట అసాధ్యము. కావున సదరు బస్సు నేటికిని నాలుగవ మలుపునందే నిలిచియున్నది.

హుసేనప్ప కిటికీలోంచి గ్యారేజీ వైపు చెయ్యి చూపాడు. "అదో సార్, ఆడుండాది."

"అది రికార్డుకు విరుద్ధముగా నిలిచియున్నది" అన్నారు పురుషోత్తమరావు గారు. "దానిని మలుపు వద్దకు తీసుకొనిపోయి, నీరు తీసివేసి, సంఘము సమక్షమున సక్రమముగా విప్పి, నింపి, తీసుకొని రావలెను."

గురువారం పదింటికి బయలుదేరాం. హుసేనప్ప బస్సు తోలుతూ ముందు. వెనక జీపులో పురుషోత్తమరావు గారు, చక్రపాణి గారు, నర్సమ్మ, నేను, డ్రైవరు. జీపు ప్రధాన కార్యాలయానిది. దాని మూతకు కూడా ఏప్రిల్‌లోనే సీలు పడింది. రెండు నెలలుగా దాని లోపల ఏముందో చూసిన నాథుడు లేడు. మూడో మలుపులో ముందు వాసన వచ్చింది, తర్వాత అద్దం మీదికి ఆవిరి కమ్మింది. అందరం దిగాం. చెట్టన్నది లేని చోటు. బండరాళ్లు పెనంలా కాలుతున్నాయి.

హుసేనప్ప బస్సు పక్కకు తీసి, నీళ్ల డబ్బాతో దిగి వచ్చాడు.

"చూడవయ్యా, ఏమైందో" అన్నారు పురుషోత్తమరావు గారు.

"చల్లారినాక చూస్తా సార్. ఆ లోగా అనుమతి రాయించండి."

అందులో వెటకారమేమీ లేదు. అతని మీద అప్పటికే ఒక మెమో ఉంది. నేను సంచిలోంచి ఫారం తీశాను. సంఘం ముగ్గురమూ అక్కడే ఉన్నాం కాబట్టి పని తొందరగా అవుతుందనుకున్నాను. చక్రపాణి గారు ఏడో గడి దగ్గర ఆగారు.

"నీరు తగ్గినట్టు రుజువు జతపరచాలి సార్."

"కనబడడం లేదా? ఆవిరి!"

"బయటకు వచ్చిన ఆవిరి రుజువు కాజాలదని తమరి ఆదేశమే సార్, మొన్న మంగళవారం. ఫైలులో పెట్టాను." చక్రపాణి గారు ఉత్తర్వును అతిక్రమించడానికి భయపడ్డారంతే. ఆయన జీవితంలో పై అధికారికి ఎదురు చెప్పింది అదే మొదటిసారి. అదీ విధేయత వల్లే.

పురుషోత్తమరావు గారు ఫోన్ తీశారు. ఆ మలుపులో సిగ్నలు లేదు. నర్సమ్మ థర్మామీటరు పెట్టబోయి, "ఇది నూట ఎనిమిది దాకే చూపిస్తుంది సార్, పగిలిపోతుంది" అని వెనక్కి తీసుకుంది. పన్నెండయింది. ఒంటిగంట కావచ్చింది. పురుషోత్తమరావు గారు బస్సు నీడన కింద కూర్చుని, తలకు జేబురుమాలు చుట్టుకున్నారు. జీపు ఎప్పుడో చల్లారిపోయింది. హుసేనప్ప డబ్బా పక్కన పెట్టుకుని ఓపిగ్గా గొంతుక్కూర్చున్నాడు.

చివరికి పురుషోత్తమరావు గారు లేచారు.

"హుసేనప్పా, నీవు ఇప్పుడు మూత విప్పుట లేదు."

"లేదు సార్, విప్పలే."

"విను. మూత ఎట్లు విప్పరాదో నాకు ప్రదర్శించుచున్నావు. ఇది శిక్షణ. శిక్షణకు అనుమతి అవసరం లేదు."

హుసేనప్పకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. సీలు తెంపి, గోనెసంచి కప్పి, పావు వంతు తిప్పి, "ఇట్ల తిప్పగూడదు సార్" అన్నాడు. పూర్తిగా తీసి, "ఇట్ల తియ్యగూడదు" అన్నాడు. డబ్బా వంచి, "ఇట్ల పొయ్యగూడదు" అన్నాడు. పురుషోత్తమరావు గారు ప్రతిదానికీ తల ఊపారు. నేను అంతా రాసుకున్నాను. జీపు స్టార్టయింది. బస్సు కూడా అక్కడి నుంచే సక్రమముగా బయలుదేరినట్టు రికార్డులో ఎక్కించి, డిపోకు తిరిగి వచ్చాం.

పాత ఉత్తర్వును రద్దు చేయలేదు. రద్దు చేస్తే అది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. దానికి అనుబంధంగా కొత్తది వచ్చింది. "ప్రతి దినము ఉదయము, ఇంజను చల్లగా ఉన్న సమయమున, ప్రతి వాహనము మూతను విప్పి, ఎట్లు విప్పరాదో సిబ్బందికి ప్రదర్శించవలెను. ప్రదర్శన సందర్భమున నీరు తక్కువగా కనిపించినచో నింపుటకు అభ్యంతరము లేదు." హుసేనప్ప మళ్లీ పొద్దున్నే నలభై రెండు మూతలు తీస్తున్నాడు. రిజిస్టరులో దాన్ని నలభై రెండు శిక్షణా తరగతులని రాస్తున్నాను. సంస్థలో అత్యధిక శిక్షణ మా డిపోలోనే జరుగుతోందని పైనుంచి మెచ్చుకోలు వచ్చింది.

ఘాటు మీద ఓబులేసు చేసిన పనిని 'ప్రథమ క్షేత్రస్థాయి శిక్షణ'గా గుర్తించి, మూడు వారాల తర్వాత అతన్ని తిరిగి తీసుకున్నారు. పురుషోత్తమరావు గారి వద్ద శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

మల్లీశ్వరికి ఉద్యోగం వచ్చింది. ఘాటు అవతలి ఊరి బడిలో వేశారు. నవంబరులో ఒక సోమవారం నేను అదే బస్సులో జిల్లా కేంద్రానికి పోతున్నాను. ఆమె డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. ఎక్కుతూ ఓబులేసుకు తన పేరు చెప్పకపోతే నేను గుర్తుపట్టేవాణ్ని కాను, గొంతు తప్ప ఎరగను.

"అన్నా, ఆ పొద్దు నిన్నేమన్నా చేసినారా?" అని ఓబులేసును అడిగింది.

"మూడు వారాలు ఇంట్లో కూర్చోబెట్టినారమ్మా. ఆమీద, మూత తీసేది నాకు వాళ్లే నేర్పించినారని కాగితం ఇచ్చినారు."

"నువ్వేమన్నావు?"

ఓబులేసు గేరు మార్చాడు. బస్సు మలుపు ఎక్కుతోంది.

"సంతకం పెట్టి తీసుకున్నా. బండి తోలాల గదమ్మా."